లీటర్లు పెరిగితే లోతు పెరగదు: పర్లాకిమిడి షెడ్డుకు అల్ట్రాసోనిక్ క్లీనర్ ఎంపిక

ఒడిశాలోని పర్లాకిమిడి నుంచి పాతపట్నం పోయే రోడ్డు మీద ఉన్న ఒక రిపేరు షెడ్డుకు ఎలాంటి అల్ట్రాసోనిక్ క్లీనర్ సరిపోతుంది అన్నది ఈ కేసు. అల్ట్రాసోనిక్ క్లీనర్ అంటే చెవికి అందనంత సన్నని శబ్దాన్ని తొట్టి నీళ్లలోకి పంపి, దాంతో పుట్టి పేలే చిన్న బుడగలతో మురికి ఊడగొట్టే మిషను. షెడ్డులో ఇద్దరు మెకానిక్కులు, ఒక హెల్పరు. గజపతి జిల్లా ఊళ్ల నుంచీ, సరిహద్దుకు ఆంధ్ర వైపున్న పాతపట్నం, మెళియాపుట్టి నుంచీ బళ్లు, పంపుసెట్లు వస్తాయి. యజమాని మనసులో ఉన్నది 22 లీటర్ల మిషను. చివరికి కొన్నది 10 లీటర్లది. ఎందుకు తగ్గించాల్సి వచ్చిందో, కొన్నాక ఏయే పనులు చెడ్డాయో, వాటిని ఎలా సరిదిద్దారో అన్నీ ఇక్కడ రాస్తున్నాం.

వచ్చే సామాను

మిషను కేటలాగు తెరిచే ముందు షెడ్డు బల్ల మీద ఏం పడుతుందో చూడాలి. ఇక్కడికి వచ్చేవి నాలుగు రకాలు. ఒకటి, పాత 100, 125 సీసీ బళ్ల కార్బొరేటర్లు (పెట్రోలును గాలితో కలిపి ఇంజనుకు పంపేవి). 2020 ఏప్రిల్ 1 నుంచి బీఎస్6 పొగ నిబంధనలు వచ్చాక కొత్త బళ్లలో చాలావరకు పెట్రోలును చిమ్మే ఇంజెక్టర్లే, కానీ పల్లెల్లో పాత బళ్లు ఇంకా తిరుగుతున్నాయి. రెండు, పెట్రోలుతో స్టార్టు చేసి కిరోసిన్‌కి మార్చే చిన్న పంపుసెట్లు. మూడు, జీడిమామిడి తోటల్లో తుప్పలు కొట్టే బ్రష్ కట్టర్లు, మందు కొట్టే పవర్ స్ప్రేయర్లు. నాలుగు, అప్పుడప్పుడు ఇంజెక్టర్లు.

ఒక్కోదాంట్లో మురికి ఒక్కో తీరు. నిలబెట్టేసిన బండిలో పెట్రోలు ఆవిరై కార్బొరేటర్ గిన్నె అడుగున తేనెరంగు జిగురు మిగులుతుంది. కిరోసిన్ పంపులో జిగురుతోపాటు మసి. బ్రష్ కట్టర్‌లో, పెట్రోల్లో కలిపే టూ-టీ ఆయిల్ మడ్డి. 2023 నుంచి బంకుల్లోకి వచ్చిన ఈ20 పెట్రోల్లో 20 శాతం ఇథనాల్. అది గాలిలోని చెమ్మను పీల్చుకుంటుంది. వానాకాలమంతా టాంకులో పెట్రోలు వదిలేసి మూలన పెట్టిన మిషన్లో నీరు విడిపోయి గిన్నె అడుగుకు దిగుతుంది. అల్యూమినియం మీద తెల్ల పొడి, పెట్రోలును కొలతగా వదిలే సన్న రంధ్రాల ఇత్తడి జెట్ల మీద పచ్చ చిలుము అక్కడినుంచే. జిగురు, మడ్డి వేడి సబ్బునీళ్లకు లొంగుతాయి. తెల్ల పొడి లొంగదు, దానికి వేరే మందు కావాలి. ఈ రెండు మురికుల తేడా తెలియకపోతే ఎంత మంచి మిషనైనా దండగే.

పాత పద్ధతి అందరికీ తెలిసిందే. జెట్లు రాత్రంతా పెట్రోల్లో నానబెట్టి, పొద్దున క్లచ్ కేబుల్ పోగు ఒకటి లాగి రంధ్రంలో పొడవడం. ఇంజను ఊరికే నడిచేటప్పుడు (ఐడిలింగ్‌లో) పెట్రోలు ఇచ్చే పైలట్ జెట్టు రంధ్రం మిల్లీమీటరులో సగం కూడా ఉండదు. 0.38 మి.మీ. రంధ్రం ఉక్కు తీగ రాపిడికి 0.40 అయిందనుకోండి, వైశాల్యం దాదాపు 11 శాతం పెరిగినట్టు. ఆ బండి ఇక ఐడిలింగ్‌లో పెట్రోలు ఎక్కువ తాగుతుంది, ఏ స్క్రూ తిప్పినా కుదరదు. పైగా హెల్పరు కుర్రాడి చేతులు రోజంతా పెట్రోల్లో. చర్మం పగిలిపోవడం, తలనొప్పి. మిషను కొనడానికి అదొక్కటే చాలినంత కారణం.

తొట్టి కొలత

22 లీటర్లు కావాలనడానికి యజమాని చెప్పిన కారణం: సిలిండర్ బ్లాకు నిలువుగా పట్టాలి. బజారులో విరివిగా దొరికే టేబుల్ మోడళ్ల లోపలి కొలతలు పక్కపక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది. 6.5 లీటర్లది 300 × 150 × 150 మి.మీ. 10 లీటర్లది 300 × 240 × 150. 15 లీటర్లది 330 × 300 × 150. 22 లీటర్లది 500 × 300 × 150. నాలుగింటికీ లోతు అదే 150. పెరిగేది పరుపు (పొడవు, వెడల్పు) మాత్రమే. లోతు 200 కావాలంటే 30 లీటర్లకు వెళ్లాలి.

ఆ 150లో కూడా అంతా మనది కాదు. ద్రవం 125 మి.మీ. వరకే పోస్తాం. బుట్ట అడుగు తొట్టి అడుగు నుంచి 25, 30 మి.మీ. పైన ఉండాలి. సామాను పైన కనీసం ఒక సెంటీమీటరు ద్రవం నిలవాలి. మిగిలేది 85 మి.మీ. బైకు కార్బొరేటర్ పడుకోబెడితే అందులో సరిపోతుంది. 100 సీసీ సిలిండర్ బ్లాకు సరిపోదు, 22 లీటర్ల తొట్టిలోనూ సరిపోదు. బ్లాకు ఫిన్ల మధ్య కాలిన మడ్డి ఎలాగూ డీజిలు, బ్రష్షు, గీకుడు పనే. దానికోసం పెద్ద తొట్టి కొని ఏడాది పొడుగునా నీళ్లు మోయడం అనవసరం.

కాబట్టి లెక్క బుట్ట పరుపు మీదకు వచ్చింది. జూన్‌లో నారుమళ్లు పోసే రోజుల్లో ఈ షెడ్డుకు రోజుకు అయిదారు కార్బొరేటర్లు వస్తాయి, మిగతా రోజుల్లో రెండో మూడో. 6.5 లీటర్ల బుట్టలో బైకు కార్బొరేటర్లు రెండే ఒకదానికొకటి తగలకుండా కూర్చుంటాయి. 10 లీటర్ల బుట్టలో నాలుగు. సీజన్లో రెండు విడతలు వేస్తే రోజు పని అయిపోతుంది. ఒక్క మెకానిక్కుతో నడిచే షాపుకైతే 6.5 లీటర్లదే చెప్పేవాళ్లం. 3 లీటర్లది మాత్రం కార్బొరేటర్ పనికి వద్దు. దాని లోతు 100 మి.మీ. మాత్రమే, బుట్ట వేశాక బైకు కార్బొరేటర్ సగం నీటి పైన తేలుతుంది.

వాట్లు, కిలోహెర్ట్జ్

ప్లేటు మీద 490 వాట్లు అని పెద్ద అక్షరాలతో ఉంటుంది. అందులో 250 హీటరుది, 240 శబ్దానిది. కొందరు అమ్మేవాళ్లు రెండూ కలిపి చెబుతారు. తొట్టి కింద అతికించిన ట్రాన్స్‌డ్యూసర్లు (కరెంటును శబ్దంగా మార్చే బిళ్లలు) ఎన్నో అడగండి. ఈ తరగతిలో ఒక్కొక్కటి సాధారణంగా 60 వాట్లది, నాలుగుంటే 240. 9 లీటర్ల ద్రవానికి పంచితే లీటరుకు సుమారు 27 వాట్లు. కాగితం మీద ఇది బాగానే ఉంది.

కాగితాన్ని నమ్మకుండా ప్లగ్గుకీ సాకెట్టుకీ మధ్య పెట్టే చిన్న వాట్ మీటరు తీసుకెళ్లాలి. హీటరు ఆపి, శబ్దం ఒక్కటే నడిపి చూడాలి. ఈ మిషను 170 దగ్గర చూపించింది. అంటే లీటరుకు 19 వాట్లు. కార్బొరేటర్ పనికి అది చాలు. అదే 100 లోపు చూపిస్తే ఒకటో రెండో ట్రాన్స్‌డ్యూసర్లు చచ్చి ఉన్నట్టు, లేదా బోర్డు బలహీనం.

ఫ్రీక్వెన్సీ విషయంలో ఎక్కువ తర్జనభర్జన అక్కర్లేదు. 40 కిలోహెర్ట్జ్. 25, 28లో బుడగలు పెద్దవి, పేలుడు గట్టిది. ఇనప సామానుకు అది మంచిదే కానీ మెత్తని అల్యూమినియం మీద గుంటలు వేస్తుంది, చప్పుడు కూడా చెవికి బాధ. 80, అంతకు పైన బుడగలు మరీ చిన్నవి, సున్నితమైన పనులకు తప్ప జిగురు ఊడదీయడానికి బలం చాలదు.

స్వీప్ అనే ఏర్పాటు ఉన్నది దొరికితే తీసుకోండి. కారణం ఇదీ: నీటిలో 40 కిలోహెర్ట్జ్ అల పొడుగు సుమారు 37 మి.మీ. అడుగు నుంచి లేచిన అల పై మట్టం తగిలి వెనక్కి వస్తే ప్రతి 18, 19 మి.మీ.కి ఒక బలమైన పొర, మధ్యలో ఒక చప్ప పొర ఏర్పడతాయి. జెట్టు చప్ప పొరలో పడితే పావుగంటైనా అలాగే ఉంటుంది. స్వీప్ ఉన్న మిషను ఫ్రీక్వెన్సీని కాస్త ముందుకూ వెనక్కూ జరుపుతూ ఆ పొరలను కదిలిస్తుంది.

డబ్బు ఇచ్చే ముందు రేకు పరీక్ష

ఈ పరీక్షకు ఒప్పుకోని దుకాణంలో కొనవద్దు. గుర్తు వరకు గోరువెచ్చని నీళ్లు, రెండు చుక్కల గిన్నెలు తోమే లిక్విడ్. పది నిమిషాలు ఖాళీగా నడపండి, నీటిలో కరిగిన గాలి పైకి వచ్చేస్తుంది. వంటింటి అల్యూమినియం ఫాయిల్ మూడు ముక్కలు కోసి, కర్రపుల్లకు తగిలించి నిలువుగా దింపండి: ఎడమ, మధ్య, కుడి. అడుగుకు తగలకుండా ఒక సెంటీమీటరు పైన ఆగాలి. ఒక నిమిషం నడిపి, తీసి, వెలుతురుకు ఎదురుగా పట్టుకోండి.

మూడు ముక్కల మీదా చిల్లులూ, గరుకు మచ్చలూ సమానంగా ఉంటే మంచిది. అడ్డంగా చారలు చారలుగా పడితే అవి పైన చెప్పిన పొరలు, స్వీప్ లేని మిషన్లో మామూలే. ఒక ముక్క మాత్రం నున్నగా మిగిలితే ఆ వైపు ట్రాన్స్‌డ్యూసర్ పనిచేయడం లేదు. ఈ కేసులో మొదట చూపించిన మిషన్లో కుడి ముక్క నున్నగానే వచ్చింది. రెండో మిషన్లో మూడూ చిల్లులు పడ్డాయి, అది తీసుకున్నారు. పరీక్ష అయ్యాక తొట్టి అడుగున రాలిన రేకు తునకలు గుడ్డతో తుడిచేయాలి, లేకపోతే అవే అడుగును గీస్తాయి.

ఇంకా చూసుకున్నవి: కింద నీళ్లు వదిలే కుళాయి, హీటరుకూ శబ్దానికీ వేరువేరు స్విచ్‌లు, మూలలు గుండ్రంగా వచ్చేలా ఒకే రేకుతో నొక్కిన తొట్టి. వెల్డింగు మూలల తొట్టి కొన్నాళ్లకు అక్కడే కారుతుంది. కుళాయి లేని 10 లీటర్ల మిషనును రోజూ ఎత్తి వంచాలి, ఆ నీళ్లు వెనక బోర్డులోకి పోతాయి. రంగు డిస్‌ప్లేకి అదనంగా పెట్టే డబ్బు అనవసరం.

వేడి, వోల్టేజి

తొట్టి నీళ్లలో కలిపే కడుగు మందు పనిచేసేది 50 నుంచి 60 డిగ్రీల మధ్య. 9 లీటర్ల నీటిని 25 నుంచి 55కి తేవాలంటే సుమారు 1130 కిలోజౌళ్లు కావాలి. 250 వాట్ల హీటరుకు అది 75 నిమిషాలు, పక్కలకు పోయే వేడి కలపకుండానే. పర్లాకిమిడిలో ఎండాకాలం సాయంత్రాలు వోల్టేజి పడితే లెక్క ఇంకా మారుతుంది. హీటరు బలం వోల్టేజి వర్గాన్ని బట్టి ఉంటుంది. 230 బదులు 190 వస్తే 250 వాట్లది 170 వాట్లే ఇస్తుంది. గంటంబావు పని గంటాయాభై నిమిషాలవుతుంది. 22 లీటర్ల తొట్టిని 500 వాట్ల హీటరుతో కాచినా మంచి వోల్టేజిలోనే గంటంబావు దాటుతుంది.

అందుకని నీళ్లు గ్యాస్ పొయ్యి మీద కాచి పోస్తున్నారు. 80 డిగ్రీల నీళ్లు 5 లీటర్లు, మామూలు నీళ్లు 4 లీటర్లు ముందుగా బకెట్టులో కలిపి తొట్టిలో పోస్తే 55 దగ్గర నిలుస్తుంది. హీటరు పని ఆ వేడి నిలబెట్టడమే. మరిగే నీళ్లు నేరుగా చల్లని తొట్టిలో పోయకూడదు. ట్రాన్స్‌డ్యూసర్లు అడుగుకు జిగురుతో అతికి ఉంటాయి, ఒక్కసారి వేడి తగిలితే ఆ అతుకు వదులుతుంది.

ఒక సంగతి చాలామంది గమనించరు. శబ్దం కూడా చివరికి నీటిలో వేడిగానే మారుతుంది. 170 వాట్లతో 9 లీటర్లు నిమిషానికి పావు డిగ్రీ పైన ఎక్కుతాయి. 55కి సెట్ చేసినా రెండు విడతలు వరసగా నడిపితే 60 దాటిపోతుంది, థర్మోస్టాట్ ఆపేది హీటరును మాత్రమే కదా. వేడి మరీ పెరిగితే బుడగల్లో ఆవిరి నిండి పేలుడు మెత్తబడుతుంది. విడతకీ విడతకీ మధ్య మూత తీసి ఉంచితే చాలు.

ఎర్తింగు సరిగా లేని సాకెట్టులో ఈ మిషను పెట్టనే కూడదు. నీళ్లు, ఉక్కు తొట్టి, కరెంటు ఒకేచోట ఉన్నాయి. కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల లీకేజి బ్రేకరు పెట్టించాకే ఈ షెడ్డులో మొదటిసారి ఆన్ చేశారు.

తొట్టిలో పోసేది, పోయకూడనిది

పెట్రోలు, థిన్నరు, కిరోసిన్, స్పిరిట్ వీటిలో ఏదీ తొట్టిలో పడకూడదు. పెట్రోలు ఆవిరి సున్నాకు ఎంతో కింద ఉన్న చలిలోనే అంటుకుంటుంది. కిరోసిన్ 40 డిగ్రీల దగ్గరకు వస్తే అంటుకునే ఆవిరినిస్తుంది, మన తొట్టి వేడి 55. పైగా శబ్దం ద్రవాన్ని సన్నని తుంపరగా లేపుతుంది. కింద హీటరు, పక్కన స్విచ్‌లు. మనుషులు కాలిపోయే పని ఇది. పెట్రోల్లో కడిగిన సామాను కూడా బయట గాలికి పూర్తిగా ఆరాకే బుట్టలోకి రావాలి.

మామూలు పనికి అల్యూమినియానికి పనికొస్తుందని డబ్బా మీద రాసి ఉన్న తేలికపాటి క్షార ద్రవం, 3 శాతం. 9 లీటర్లకు 270 మి.లీ. జిగురు తక్కువైతే గిన్నెలు తోమే లిక్విడ్ మూడు చెంచాలు సరిపోతాయి. కాస్టిక్ సోడా, బట్టల సోడా వద్దు. బాత్రూమ్ యాసిడ్ అసలే వద్దు, అది సామానునే కాదు, స్టెయిన్‌లెస్ తొట్టిని కూడా తినేసి చిల్లులు వేస్తుంది. బ్లీచింగు నీళ్లదీ అదే దోషం.

తెల్ల పొడికీ చిలుముకూ నిమ్మ ఉప్పు (సిట్రిక్ యాసిడ్). లీటరు నీటికి 20 గ్రాములు. దీన్ని తొట్టిలో కలపరు. గాజు గ్లాసులో పోసి, జెట్లు అందులో వేసి, గ్లాసును తొట్టి నీళ్లలోకి దింపుతారు, అడుగు తగలకుండా. గాజులోంచి శబ్దం బాగానే పోతుంది, ప్లాస్టిక్ డబ్బాలోంచి అంత బాగా పోదు. అయిదు నిమిషాలు, ఆపైన వంట సోడా కలిపిన నీళ్లలో ముంచి, మంచినీళ్లతో కడగాలి. కొన్ని కార్బొరేటర్ బాడీలు అల్యూమినియం కాదు, జింకు పోతవి. చేతిలో పట్టుకుంటే తెలిసిపోతుంది, జింకు రెండున్నర రెట్లు బరువు. నిమ్మ ఉప్పు జింకును తినేస్తుంది, దానికి పెట్టకండి.

బోరు నీళ్లు ఉప్పగా, గట్టిగా ఉన్నచోట తెల్ల మరకలు మిగులుతాయి. తొట్టికి వాన నీళ్లు గానీ సప్ప నీళ్లు గానీ వాడి, చివరి కడుగుకు బ్యాటరీల్లో పోసే డిస్టిల్డ్ వాటర్ స్ప్రే సీసాతో కొడుతున్నారు. ఒక కార్బొరేటర్‌కు 100 మి.లీ. చాలు.

ఒక విడత ఎలా నడుస్తుంది

విప్పే ముందు ఫోటో. పెట్రోలు, గాలి పాళ్లు సరిచేసే మిక్స్చర్ స్క్రూను మెల్లగా లోపలికి బిగిస్తూ ఎన్ని చుట్లు తిరిగిందో చీటీ మీద రాసి కార్బొరేటర్‌తోనే కట్టాలి. తర్వాత రబ్బరు అన్నదల్లా బయటకు: ఓ రింగులు, గ్యాస్కెట్లు, డయాఫ్రమ్ (పల్చని రబ్బరు పొర), రబ్బరు మొన ఉన్న నీడిల్. వైరు ఉన్న సెన్సారు గానీ, కాయిల్ గానీ ఉంటే అదీ. పైన అంటిన మట్టి, గ్రీజు డీజిలు బ్రష్షుతో తీసి, సబ్బునీళ్లతో కడగాలి. ఈ మెట్టు దాటేసి మట్టితో సహా తొట్టిలో వేస్తే మొదటి విడతకే ద్రవం కాఫీ రంగుకు తిరుగుతుంది, రెండో విడతకు పనిచేయదు.

కొత్త ద్రవమైతే సామాను లేకుండా పది నిమిషాలు. తర్వాత నాలుగు బాడీలు ఒకే వరసలో, బుట్టలో. జెట్లు, ఎమల్షన్ ట్యూబు స్టీలు టీ వడపోతలో వేసి బుట్ట అంచుకు వేలాడదీస్తారు. వల మరీ సన్ననిదైతే శబ్దాన్ని ఆపేస్తుంది, కాస్త పెద్ద కన్నుల వడపోత కొనాలి. ఎనిమిది నిమిషాలు, తిరగేసి మరో ఎనిమిది. మూత వేసే నడపాలి. నడుస్తుండగా తొట్టిలో చేయి పెట్టకూడదు, కీళ్లలోకి నొప్పి దిగుతుంది.

తీశాక వేడి నీళ్ల బకెట్టులో రెండుసార్లు ముంచి, ప్రతి రంధ్రంలోకీ కంప్రెసర్‌తో 3 బార్ ఒత్తిడి గాలి. జెట్టును వెలుతురుకు పెట్టి చూస్తే గుండ్రని చుక్క కనబడాలి. చంద్రవంక కనిపిస్తే ఇంకా మురికి ఉన్నట్టు, మళ్లీ నిమ్మ ఉప్పు గ్లాసులోకి. తీగ మాత్రం తీయవద్దు.

చెడిన పనులు

మొదటి వారంలో ఆరు కార్బొరేటర్లు ఒకదాని మీద ఒకటి వేశారు. కింది వరస మెరిసింది, పై వరస అలాగే ఉంది. అడుగు నుంచి వచ్చే శబ్దాన్ని కింది సామాను అడ్డుకుంది. అప్పటినుంచి నాలుగే, ఒకే వరస.

రెండోది ఇంకా బాధించింది. హెల్పరు మురికి పోవడం లేదని చారెడు బట్టల సోడా కలిపాడు. అరగంట తర్వాత బాడీలు రెండు నల్లబడి బయటకొచ్చాయి. క్షారం అల్యూమినియం పైపొరను కరిగించేసింది. కార్బొరేటర్ పనిచేస్తుంది గానీ ఆ రంగు తిరిగి రాదు. తన సామాను మార్చేశారని బండి యజమాని అనుమానిస్తే అతన్ని తప్పు పట్టలేం. మందు డబ్బా, కొలత గ్లాసు ఇప్పుడు తొట్టి పక్కనే గొలుసుతో కట్టి ఉన్నాయి, వేరే పొడి ఏదీ ఆ బల్ల మీద ఉండదు.

మూడోది అంత తొందరగా తెలిసేది కాదు. బాడీ కొత్తదానిలా ఉంది, అయినా ఐడిలింగ్ నిలవడం లేదు. పైలట్ దారి సన్నని గొట్టం, ఒక పక్క మూసుకుని ఉంటుంది. దాన్ని నేరుగా నీటిలో ముంచితే లోపల గాలి చిక్కుతుంది. ద్రవం చేరని చోట శబ్దం ఏమీ చేయలేదు. ఇప్పుడు సిరంజితో ప్రతి దారిలోకీ మందు నీళ్లు ఎక్కించి, ఏటవాలుగా ముంచి, బుడగలు ఆగాక వదులుతున్నారు. ఈ ఒక్క అలవాటుతో తిరిగి వచ్చే పనులు తగ్గాయి. ఎనిమిది నిమిషాలకు తిరగేయడం కూడా ఇందుకే.

ఇనప స్క్రూలు, స్ప్రింగులు కడిగిన పది నిమిషాల్లోనే ఎర్రబడ్డాయి. మురికితోపాటు నూనె పొర కూడా పోతుంది కనుక అది సహజం. వెంటనే గాలి కొట్టి పల్చటి ఆయిల్లో వేయాలి. గిన్నెలో పెట్రోలు మట్టాన్ని అదుపు చేసే బోలు ఫ్లోట్ (తేలే డబ్బా) తొట్టిలో వేయడం పూర్తిగా మానేశారు. వెంట్రుకవాసి చిల్లు ఉంటే ద్రవం లోపలికి పోయి బరువెక్కుతుంది, పెట్రోలు పొంగుతుంది. అనుమానం ఉంటే వేడినీళ్లలో ముంచి చూడండి, చిల్లు ఉన్నచోట బుడగ వస్తుంది.

బ్రష్ కట్టర్ కార్బొరేటర్

అగ్గిపెట్టెకన్నా కాస్త పెద్దది, కానీ ఎక్కువ తప్పులు జరిగేది దీంట్లోనే. ఫ్లోట్ ఉండదు, రెండు వైపులా పలకల కింద డయాఫ్రమ్‌లు. రెండు పలకలూ విప్పాలి. కొలత డయాఫ్రమ్, పంపు డయాఫ్రమ్, చేత్తో నొక్కి పెట్రోలు ఎక్కించే ప్రైమర్ బల్బు, లివరు, దాని కింది స్ప్రింగు, నీడిల్ అన్నీ వేరుచేయాలి. పెట్రోలు వచ్చే దారిలో చిన్న గుండ్రని వల ఒకటి కూర్చుని ఉంటుంది, సూదితో మెల్లగా ఎత్తండి. చాలాసార్లు జబ్బు అక్కడే. బాడీ మీద నొక్కిన గుండ్రని రేకు మూతలు కదపవద్దు.

తొట్టిలో అయిదు నిమిషాలకు మించి అక్కర్లేదు. మెయిన్ నాజిల్లో ఒక పల్చని వాల్వు ఉండే రకాలున్నాయి, దాన్లోకి కంప్రెసర్ గాలి కొడితే అది చిరిగిపోతుంది. ఇక్కడ సిరంజి గాలి చాలు. పాత డయాఫ్రమ్ బిగుసుకుని కాగితంలా చప్పుడు చేస్తుంటే కడిగి లాభం లేదు, కిట్టు మార్చాలి. లివరు ఎత్తు కొలతకు రాకపోతే ఎంత శుభ్రమైన కార్బొరేటరైనా స్టార్టయి ఆగిపోతుంది.

ఇంజెక్టర్లు

ఈ మిషను వీటికోసం కొన్నది కాదు. ఊరికే ముంచితే ఇంజెక్టర్ బయట మాత్రమే శుభ్రమవుతుంది. లోపలి సూది తెరుచుకుంటూ మూసుకుంటూ ఉండాలి, అందుకు పల్సులిచ్చే డ్రైవరు కావాలి. 12 వోల్టులు ఎడతెగకుండా పెడితే కాయిల్ కాలిపోతుంది. రేకుకు రంధ్రాలు చేసి, ఇంజెక్టర్లను అందులో వేలాడదీసి, మొన 15, 20 మి.మీ. మాత్రమే ద్రవంలో మునిగేలా పెట్టాలి. కనెక్టరు తడవకూడదు. తర్వాత స్ప్రే చూసే బెంచి లేకుండా బండికి బిగించడం అన్యాయం. ఆ బెంచి లేదు కనుక ఈ షెడ్డు ఇంజెక్టర్ పని తీసుకోవడం లేదు, తీసుకోకపోవడమే సరైనది.

రోజువారీ

ద్రవం గుర్తుకన్నా కిందికి దిగితే ఆపేయాలి. ఖాళీ తొట్టి ఒక నిమిషం నడిచినా హీటరు, ట్రాన్స్‌డ్యూసర్లు పోవచ్చు. సామాను అడుగున పెడితే అక్కడ స్టీలు రాచుకుపోయి చివరికి చిల్లు పడుతుంది, బుట్ట తప్పనిసరి. నెలకోసారి రేకు పరీక్ష చేసి, ఆ ముక్కలను తేదీ వేసి గోడకు అంటిస్తున్నారు. ఏ మూల మెత్తబడుతోందో పాత ముక్క పక్కన పెడితే కనిపిస్తుంది.

పైన నూనె తెట్టు నిలిచినా, అడుగు కనిపించనంత చిక్కబడినా ద్రవం మార్చాలి. సీజన్లో వారానికోసారి, మామూలుగా మూడు వారాలకోసారి. ప్లగ్గు తీసి, చల్లారాక, కుళాయి కింద మూత ఉన్న బకెట్టు పెట్టి వదులుతారు. రాత్రంతా నిలబెడితే నూనె పైకి, మడ్డి కిందికి చేరుతుంది. నూనెను కాటన్ గుడ్డతో అద్ది తీసి, మధ్యలోని తేట నీటిని గుడ్డలో వడకట్టి మురికి సామాను మొదటి కడుగుకు వాడుకుంటున్నారు. అడుగు మడ్డి మూత టిన్నులోకి పోతుంది, పాత ఇంజిన్ ఆయిల్ పట్టుకెళ్లేవాళ్లు వచ్చినప్పుడు అదీ వాళ్లకే. షెడ్డు వెనక కాలువ మహేంద్రతనయ నది వైపు పోతుంది, కింద పొలాలున్నాయి. అందులోకి ఒక్క చెంబుడు కూడా వదలడం లేదు.